గేటు పిన్ని చేతులు

ఆ సాయంత్రం గేటు పిన్ని చేతులు లేచింది మరపు వల్లనా, తెగింపు వల్లనా? చూసినవాళ్ళు వందకు పైనే. ఒక్కరూ తేల్చి చెప్పలేకపోయారు. పిన్నినే అడిగితే అరచేతులు తిరగేసి మరగేసి చూసుకునేది.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమె సోదా మనిషి. అంతకుముందు తొమ్మిదేళ్ళు కాలర్లు కుట్టింది. ఒకనాడు మిషను సూది కుడి చూపుడువేలి గోట్లోంచి దిగి లోపలే విరిగింది. ఆ వేలు మళ్ళీ వంగలేదు. వంగని వేలికి కాలరు తిరగదు కనుక, కుట్టుహాలుకీ హాస్టలుకీ మధ్యనున్న గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సాయంత్రం గంట కొట్టగానే అమ్మాయిలు వరసగా వచ్చి చేతులు పైకెత్తేవారు. చంకల కింద, నడుము చుట్టూ, బట్టల అంచులు, జుట్టుముడి, టిఫిను డబ్బా. అంతా కలిపి ఆరు క్షణాల పని.

“పిన్నీ, మెల్లగా! కితకితలవుతున్నాయి.”

“నువ్వు నవ్వుకుంటూ నిలబడు, వెనకాల వాళ్ళకి స్నానాలగదిలో నీళ్ళు అయిపోతాయి. కదులు తల్లీ.”

పిన్ని అన్న పిలుపు ఆమె అక్క కూతురు తెచ్చిపెట్టింది. ఆ పిల్లని సరిహద్దు అవతల నుంచి ఇక్కడికి రప్పించింది పిన్నే. కొత్తవాళ్ళ కార్డులు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంటాయని ఏజెంటు చెప్పిన తియ్యటి మాటలు నమ్మి, వద్దు వద్దంటున్న అక్కకు ఫోనులో తానే నచ్చజెప్పింది. వచ్చిన రోజునే పిల్ల గుర్తింపు కార్డు “భద్రం కోసం” మేనేజరు బీరువాలోకి వెళ్ళింది. అందరి కార్డులూ అక్కడే. పదకొండేళ్ళుగా పిన్ని కార్డూ అక్కడే. హాస్టలు ప్రహరీకి వీధివైపు తలుపే లేదు. నెలకొక ఆదివారం, కాపలావాణ్ణి వెంటబెట్టుకుని రెండు గంటలు బజారు. అదే బయటి లోకం.

ఆ వారం ఇంటినుంచి కబురొచ్చింది. పిల్ల తల్లికి కడుపులో గడ్డ, వచ్చే గురువారం ఆపరేషను. మత్తిచ్చాక లేస్తుందో లేదో చెప్పలేమన్నారట డాక్టర్లు. పిన్నీ పిల్లా కలిసి మేనేజరు గదికి వెళ్ళారు.

“మూడేళ్ళ ఒప్పందం. ఇంకా పద్నాలుగు నెలలుంది” అన్నాడు మేనేజరు, కాగితాల మీంచి తలెత్తకుండానే. “అయినా మీ అక్కకి ఆపరేషను ఈ పిల్ల చేస్తుందా ఏంటి?”

“కార్డు ఇవ్వండి సారూ. చూసొచ్చేస్తుంది. నా పూచీ.”

“నీ పూచీ ఏంటి పిన్నీ? నీ కార్డే నా దగ్గరుంది.”

కార్డు లేనిదే సరిహద్దు దగ్గర బస్సు దింపేస్తారు. ఆ రాత్రి పిల్ల ఏడవలేదు. అది పిన్నిని మరీ భయపెట్టింది.

సోమవారం తనిఖీ. చొక్కాలు కొనే కంపెనీవాళ్ళు ఏడాదికి రెండుసార్లు మనిషిని పంపేవారు, వారం ముందే చెప్పి మరీ. ఆ వారమంతా గోడలకు సున్నం, కుళాయిల దగ్గర కొత్త సబ్బులు, అమ్మాయిలకు చిలకపలుకులు. కార్డెక్కడుంది? నా దగ్గరే ఉందండి. సోదా చేస్తారా? లేదండి. పిన్నికి మాత్రం మేనేజరు వేరే పాఠం చెప్పాడు. “ఆ పూట నీ కుర్చీలో నువ్వు కూర్చో. చేతులు ఒళ్ళో పెట్టుకో. అంతే.”

ఎప్పుడూ వచ్చే ఆయన మేనేజరు గదిలోనే టీ తాగి సంతకం పెట్టి పోయేవాడు. ఈసారి వచ్చింది ఒక నడివయసు మనిషి, కళ్ళజోడావిడ. కుట్టుహాల్లోకి ఎవరొచ్చినా వేసుకోవాలన్న నియమం ప్రకారం నీలం అంగీ, నీలం టోపీ వేసుకుంది. అమ్మాయిలవీ అవే. గంట కొట్టగానే ఆమె “హాస్టలు చూస్తాను” అని నేరుగా వరసలో కలిసిపోయింది. మేనేజరు వెనక ఎక్కడో ఫోనులో ఉన్నాడు.

వరసలో మొదటి అమ్మాయి గేటు దగ్గరకొచ్చి, వద్దన్న సంగతి మరిచి, రెండు చేతులూ పైకెత్తింది. పిన్ని లేచింది. తడిమింది. రెండో అమ్మాయి, మూడో అమ్మాయి. అక్క కూతురు. తర్వాత నీలం అంగీలో మరొకరు, చేతులు దించుకునే నిలబడి ఉన్నారు.

“కొత్తదానివా? ఎత్తు చేతులు. ఇక్కడ సిగ్గుపడితే ఆలస్యం నీకే.”

చంకల కింద, నడుము చుట్టూ. టోపీ తీసి జుట్టుముడిలో వంగని వేలు గుచ్చేసరికి కళ్ళజోడు కిందపడింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

“అయ్యయ్యో మేడమ్, ఏదో పొరపాటు! ఈవిడకి మతి సరిగా లేదు...”

ఆమె కళ్ళజోడు తుడుచుకుని పిన్నినే చూసింది. “రోజూ ఇంతేనా అమ్మా?”

లేదండి అంటే సరిపోయేది. ఆ మాట పిన్నికి కంఠతా వచ్చు. ఎదురుగా అక్క కూతురు, దించమని ఎవరూ చెప్పలేదని చేతులు ఇంకా పైకెత్తే ఉంది.

“రోజూనే” అంది పిన్ని. “వీళ్ళ కార్డులు సారు బీరువాలో ఉన్నాయి. నాది కూడా.”

బీరువా తెరిపించారు. రబ్బరుబ్యాండ్లు చుట్టిన కట్టలు విప్పించి, ఎవరి కార్డు వాళ్ళకి ఇప్పించింది కళ్ళజోడావిడ. చీకటి పడకముందే పిల్ల తన కార్డు గుప్పిట్లో పట్టుకుని బస్సెక్కింది. ఎక్కేముందు “నువ్వూ రా పిన్నీ” అంది. “మా అక్క మొహం చూసే మొహం నాకేది? నువ్వు పో” అంది పిన్ని. గురువారం దాటాక కబురొచ్చింది: తల్లి కళ్ళు తెరిచింది, మాట్లాడుతోంది.

మిగతావాళ్ళలో పాతికమంది వెళ్ళారు. వెళ్ళడానికి చోటు లేనివాళ్ళు ఉండిపోయారు. నెల తిరక్కుండా వాళ్ళ కార్డులు కొత్త లాకరులోకి చేరాయి. తాళంచెవి మేనేజరు దగ్గరే. కొనే కంపెనీకి వెళ్ళిన జవాబులో, గేటు మనిషి సొంత పెత్తనంతో సోదాలు చేసిందనీ, కార్డులు దాచే అలవాటు కూడా ఆమె సలహాయేననీ, ఆమెను తొలగించడంతో లోపం సరిదిద్దుకున్నామనీ ఉంది. కంపెనీ సంతృప్తి తెలిపింది.

“నీ మీద కోపమేం లేదు పిన్నీ” అన్నాడు మేనేజరు, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపిస్తూ. “ఎవరో ఒకరి పేరు రాయాలి కదా.”

“అత్త మీద కోపం దుత్త మీద తీర్చారన్నమాట.”

“అంతే అనుకో.”

పిన్ని సంతకం పెట్టింది. సంచిలో రెండు జతల బట్టలు, దువ్వెన, కార్డు. కార్డు మీది ఫోటోలో ఎవరో పడుచుపిల్ల. కుట్టుహాలు తలుపు దగ్గర కాసేపు నిలబడింది. లోపల అన్ని తలలూ మిషన్ల మీదికి వంగే ఉన్నాయి. ఎవరు తలెత్తినా ఆ పూట తిట్లు తప్పవని ఆమెకు తెలుసు. చప్పుడు చెయ్యకుండా చెప్పులు చేత్తో పట్టుకుని వసారా దాటింది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఆమె బస్టాండులో ఉంది.