కుట్టు లోపల వదిలిన గుడ్డ

కొత్త లైనింగ్ గుడ్డను తడిపి ఆరేసినప్పుడు వచ్చే గంజి వాసన నాకు చాలా ఇష్టం. నిన్న డాబా మీద నాలుగు ముక్కలు ఆరేస్తుంటే ఆ వాసనకు శోభక్క గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. నిజామాబాద్ పెద్ద బజార్ పక్క సందులో ఆమెకు ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం ఉండేది. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. ఆమె నవ్వితే ఎదురుగా ఉన్న గాజుల కొట్టతను కూడా కారణం తెలియకుండానే నవ్వేవాడు. ఆమె పోయి మూడేళ్లయింది. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆమేనని అందరికీ చెబుతాను గానీ, అది పూర్తి నిజం కాదు. కత్తెర నాకు అంతకుముందే వచ్చు. చిక్కంతా అక్కడే.

మాది బోధన్. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి బాపు పని పోయాక అవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. తునికాకు కత్తిరించడం నా వంతు. ఇనుప రేకు ముక్కను ఆకు మీద పెట్టి, దాని అంచు వెంటే కత్తెర నడపాలి. ఒక్క ఆకులో రెండు ముక్కలు వచ్చే చోట మూడు తీస్తే అవ్వ ముఖం వెలిగిపోయేది. ఆకు తక్కువ పడితే బీడీలు తక్కువ, ఆ పూట కూరా తక్కువే. ఏదీ వదలకపోవడం అలా నా చేతికి అలవాటైపోయింది. ఇరవై రెండేళ్లకు శోభక్క దుకాణంలో చేరినప్పుడు ఆ చేతినే వెంట తెచ్చుకున్నాను. మళ్లీ బీడీల చాట ముందు కూర్చోకూడదని, ఎలాగైనా కటింగ్ మాస్టర్ని కావాలని నా పట్టుదల.

చేరిన ఆరో నెలలో శోభక్క మొదటిసారి నాకు పట్టు రవిక గుడ్డ ఇచ్చింది. జక్రాన్‌పల్లి పెళ్లికూతురిది. కొలతకు సరిగ్గా కత్తిరించి, కుట్టి, మిగిలిన ముక్కను మడతపెట్టి గొప్పగా ఆమె ముందు పెట్టాను. "గింత ఎట్ల మిగిలింది?" అందామె అనుమానంగా. నేను మాత్రం మురిసిపోయాను. పెళ్లికి రెండు రోజుల ముందు ఆ పిల్ల వచ్చి రవిక తొడుక్కుని, "అక్కా, ఊపిరాడ్తలేదు" అని ఏడుపు ముఖం పెట్టింది. కుట్లు విప్పి వదులు చేద్దామని శోభక్క లోపలికి చూసింది. రెండు వేళ్ల గుడ్డ ఉండాల్సిన చోట దారం పట్టేంతే ఉంది.

రేపటి నుంచి రావద్దంటుందని, ఇంటికెళ్లి అవ్వకు ఏం చెప్పాలా అని భయపడ్డాను. శోభక్క నేను మిగిల్చిన ముక్కతోనే రెండు చంకల కిందా అతుకులు వేసింది. పిల్ల హాయిగా ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయింది.

"మిగిలిచ్చిన గుడ్డ ఎటు పోయింది సూసినవా? అతుకులకు పోయింది. నీకు గిట్ల కోసుడు ఎవలు నేర్పిండ్రు?"

తునికాకు సంగతి చెప్పాను. దుకాణం అదిరేలా నవ్వింది.

"ఆకు లావైతదానె? మనిషి లావైతది. పిల్లల తల్లి అయితది, మంచిగ తింటది. గా జాగ నువ్వు ముందుగాలనే ఇడువాలె." నవ్వు ఆగాక మెల్లగా అంది: "గప్పుడు నువ్వు చేసింది తప్పు గాదు బిడ్డా. గా దినాలు గట్లుండె. గిప్పుడు గుడ్డ ఉన్నది."

మర్నాడు తన సొంత పట్టు గుడ్డ నా ముందు పరిచింది. రెండు వేళ్లు వదిలి సుద్దతో గీస్తుంటే, ఇంత గుడ్డ పాడు చేస్తున్నానే అని ప్రాణం ఉసూరుమంది. గీత తెలియకుండానే లోపలికి జరిగేది. అది చూసి ఆమె కావాలనే దగ్గేది. నేను చెరిపి మళ్లీ గీసేదాన్ని. ఆ ఏడాదంతా ఆమెకు దగ్గు తగ్గలేదు. ఈ రోజుకీ సుద్ద పట్టగానే నా చేయి ముందు లోపలికే పోతుంది, నేనే దాన్ని బయటికి జరుపుకుంటాను.

కటింగ్ మాస్టర్నయ్యాక అవ్వకు ఒక రవిక కుట్టి తీసుకెళ్లాను. తిరగేసి చూసి, "లోపట గింత గుడ్డ దాసినవేందే, దండుగ!" అంది.

"నువ్వు లావైతె విప్పేటందుకు."

అవ్వ నన్ను వింతగా చూసింది. "నేనెన్నడన్న లావైననా?"

రవిక మడిచి ఆమె ఒళ్లో పెట్టాను. "అయితవు తియ్యి," అన్నాను.

ఆ రవిక కుట్లు ఇప్పటికి రెండుసార్లు విప్పాను.