కోటు గుడ్డ, మూడు ఎట్యూడ్‌లు

2022 జూలై. కోదాడలో ఒక ప్రైవేటు బడి, మొదటి అంతస్తులో సంగీతం గది. కిటికీ అవతల నాలుగు రోజులుగా ముసురు. ఆ గదిలో గోడకు ఆనించి పెట్టే రకం పియానో ఒకటుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి దానికి శ్రుతి చెయ్యడం నా పని.

సూర్యాపేటలో నా షాపు బోర్డు మీద ‘పియానో ట్యూనర్’ అని ఉంటుంది. అది చూసి టీవీ ఛానళ్ళు సరిచేయించుకోవడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. నిజానికి నాకు తిండి పెట్టేవి హార్మోనియంలు, పెళ్ళి బ్యాండుల కీబోర్డులు. నాకు తెలిసి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్ళకూ కలిపి నిఖార్సైన పియానోలు మూడే. మా ఊరి చర్చిలో ఒకటి, ఈ బడిలో ఒకటి, మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఆసామి ఇంట్లో ఒకటి. వాయించడం నాకు రాదు. పాటలు రావు, పాట్లు మాత్రం వచ్చు. దేవుడు చెవి ఒక్కటి సరిగ్గా ఇచ్చాడు, దాన్నే నమ్ముకున్నాను. ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే కాబట్టి అక్కడ శ్రుతి తప్పే ప్రమాదం కూడా లేదు.

ఆ బడిలో సంగీతం టీచరు రేణుక మేడం. వాళ్ళది తిరుమలగిరి దగ్గర గొర్లు కాసుకునే కుటుంబం. సికింద్రాబాదులో హాస్టల్లో చదువుకుంటూ ఒక ముసలి టీచరమ్మ దగ్గర పియానో నేర్చుకుంది. అప్పటికి నలభై దాటింది, కిరాయి గదిలో ఒంటరిగా ఉండేది. పగలంతా పిల్లలకు చిన్న చిన్న పాటలు నేర్పి, బడి వదిలాక వాచ్‌మన్ తాళం వేసేదాకా ఒక గంట తన కోసం వాయించుకునేది. ఆమె వాయించేది ఏమిటో ఊళ్ళో ఎవరికీ తెలియదు. వాచ్‌మన్ ఒకసారి నాతో, “మేడం గారు కుట్టు మిషన్ తొక్కినట్టు వాయిస్తారండీ, భలే స్పీడు” అన్నాడు. ఆమెకు అందిన ఏకైక విమర్శ అది.

నేను పని ముగించి సంచి సర్దుకుంటుంటే ప్రతిసారీ, “చాయ్ తాగి, ఒక్క పీసు విని పో అన్నా” అనేది. నేను ప్రతిసారీ, “బస్సుంది మేడం” అనేవాణ్ణి. కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సు ఎప్పుడూ ఉంటుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. విన్నాక ఏం మాట్లాడాలో తెలియదని నా బెరుకు. మనుషుల ముందు నా నోట్లో ఏ తీగా పలకదు.

ఆ జూలైలో మాత్రం వాన కదలనివ్వలేదు. ఆమె స్టాండు మీద మూడు కాగితాల కట్టలు పెట్టింది. మూడూ ఎట్యూడ్‌లట. ఎట్యూడ్ అంటే చేతికి ఒకే ఒక కష్టాన్ని అలవాటు చెయ్యడానికి రాసిన చిన్న రచన. రెండొందల ఏళ్ళ కిందట యూరపులో రొమాంటిక్ కాలం వాళ్ళు ఈ కసరత్తులనే కచేరీ స్థాయికి ఎత్తారు. మొదటిదాంట్లో ఎడమ చెయ్యి ఆగకుండా ఉరకాలి. రెండోదాంట్లో కుడిచెయ్యి దూరంగా ఉన్న మెట్టు మీదికి దూకి వెంటనే వెనక్కి రావాలి. మెట్టు అంటే వేలితో నొక్కే కీ. మూడోదాంట్లో అదే కుడిచెయ్యి రెండేసి మెట్లను జంటగా, నడుమ ఒకటి వదిలి, గలగలా పరుగెత్తించాలి. వీటిని థర్డ్స్ అంటారు. ఆమె పియానోలో పెద్ద డిప్లొమా పరీక్షకు కట్టాలనుకుంటోంది. అది వస్తే వేరే బడి, వేరే ఊరు. ఈ మూడింట్లో ఒకటి వాయించాలి, నెలాఖరుకు దరఖాస్తు చేరాలి.

మూడింట్లో ఏది కష్టమని అడిగింది. మీరు వేళ్ళతో కొలుస్తరు, నేను అరుగుదలతో కొలుస్త అన్నాను. మొదటిది లావు తీగలను తెంపుతుంది, రెండోది పై స్వరపు తీగను కొట్టే సుత్తినొక్కదాన్నే అరగ్గొడుతుంది, మూడోది పియానోను ఏమీ చెయ్యదు, కాబట్టి అదే తేలిక అని తీర్పు చెప్పాను.

ఆమె నవ్వింది. “మా టీచరమ్మ గూడ గదే అన్నది. నీ చిన్న చేతికి థర్డ్సే నయం, దుంకుడే కష్టం అని. పద్దెనిమిదేండ్లప్పుడు నాకు గట్లనే ఉండె. ఇప్పుడు ఉల్టా అయింది.”

వాయించింది. మొదటిది ఉరికింది. రెండోది ఒకటి రెండు చోట్ల తప్పినా నిలబడింది. మూడోది పది క్షణాలు పరుగెత్తి కుంటింది, మళ్ళీ మొదలుపెట్టింది, అదే చోట మళ్ళీ కుంటింది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“నా నాలుగో వేలు సచ్చిపోయిందన్నా. దవాఖానకు పోతే ఏం లేదంటరు. దరఖాస్తు వద్దనుకుంటున్న.”

నా చెవికి శ్రుతిలో ఏ తప్పూ వినపడలేదు. ఏదో ఒకటి అనాలి గదా అని, “వయసు మేడం” అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత నోరు తెరిచి నేను చెప్పిన సంగీత విమర్శ అది. ఆమె తలూపి మూత వేసింది.

ఆదివారం నాకు మిర్యాలగూడలో పని ఉంది. “వయసు” అన్నందుకు మనసొప్పక, అక్కడ ఎవరూ ముట్టని పియానో ఉంది, ఒకసారి వచ్చి వాయించమన్నాను. “సచ్చేముందు తీర్థమా అన్నా” అంది గానీ, వచ్చింది. నేను కోదాడ వచ్చాను. అక్కణ్ణుంచి హుజూర్‌నగర్ మీదుగా బస్సులో రెండు సీట్లలో విడివిడిగా కూర్చుని, పెద్దగా మాట్లాడుకోకుండానే వెళ్ళాం.

మిల్లు వాళ్ళు ఆ పియానోను హాలుకు అందంగా ఉంటుందని కొన్నారు. దాని మీద ఫొటోలు, ఒక పూలకుండీ. ఇంటి పెద్దమ్మ వాటిని ఒక్కొక్కటే దించి పెట్టింది. నేను శ్రుతి ముగించాక రేణుక మేడం కూర్చుని నేరుగా థర్డ్స్ ఎత్తుకుంది. కోదాడలో కుంటిన చోటు వచ్చింది, దాటిపోయింది. ఆమె ఆగలేదు. చివరిదాకా వాయించి, కుడిచెయ్యి తిప్పి అరచేతిని చూసుకుంది, ఎవరిదో అన్నట్టు.

“ఇన్నేండ్ల సంది తుడుస్తున్న గని, ఇది గింత మాట్లాడతదని తెల్వదు బిడ్డా” అంది పెద్దమ్మ.

నేను సంచి అడుగు నుంచి తూకంరాళ్ళు తీశాను. మెట్టు మీద చిన్న చిన్న బరువులు పెట్టి, ఎన్ని గ్రాములకు అది కిందికి దిగుతుందో చూడటాన్ని డౌన్ వెయిట్ అంటారు. యాభై గ్రాముల చుట్టూ ఉండాలి. అక్కడ యాభైకే దిగింది. చెవి మీద నమ్మకంతో ఆ రాళ్ళను నేను ఏళ్ళుగా బయటికి తియ్యలేదు.

కోదాడలో ఏం జరిగిందో నాకు అప్పుడే తెలిసిపోయింది. అంతకు నాలుగేళ్ళ ముందు ఆ బడి పియానోలో ఎలుకలు పడి కుడివైపు సగంలో బుషింగ్ క్లాత్ కొరికేశాయి. అంటే ప్రతి మెట్టూ ఆడే చిన్న రంధ్రంలో అంటించే ఊలు గుడ్డ. అసలుది చెన్నై నుంచి రావాలి. వార్షికోత్సవం నాలుగు రోజుల్లో ఉందన్నారు. సూర్యాపేటలో తెలిసిన టైలరు దగ్గర కోటు గుడ్డ ముక్కలు తెచ్చి అంటించాను. తాత్కాలికం అనుకున్నాను. పియానోకు కోటు తొడిగానని నలుగురికీ చెప్పుకుని నవ్వుకున్నాను, తర్వాత మరిచిపోయాను. ఆ గుడ్డ చెమ్మకు ఉబ్బి మెట్టును పట్టేస్తుంది. నేను పరీక్షించినట్టు ఒక్కో మెట్టునూ నిదానంగా నొక్కితే తెలియదు. చెయ్యి దూకే రెండోదాంట్లో చేతి బరువంతా పడుతుంది కాబట్టి అక్కడా తెలియదు. వేళ్ళు మాత్రమే పరుగెత్తే థర్డ్స్‌లోనే తెలుస్తుంది. ఇంకో పియానో దగ్గరలో ఉంటే ఆమెకు ఎప్పుడో తెలిసేది. పోల్చుకోవడానికి తన చెయ్యి ఒక్కటే ఉంది, తప్పంతా దాని మీద వేసుకుంది.

సోమవారం కోదాడ వెళ్ళి తూచాను. కుడివైపు ఎనభైకి గానీ దిగడం లేదు. నోరు మూసుకుని గుడ్డ మార్చి, వానల మీద తోసేస్తే అడిగేవాళ్ళు లేరు. మూడు మెట్లు ఊడదీసేదాకా అదే ఆలోచించాను కూడా. నాలుగోది తీసి, ఆ నల్ల గుడ్డ ముక్కను ఆమె చేతిలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆమె దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

“నాలుగేండ్ల సంది నా చెయ్యినే తిట్టుకున్నన్నా” అంది. ముక్కను పియానో మీద పెట్టి, “నువ్వు ఒక్కసారి కూసోని వింటే అయిపోతుండె గదా” అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది.

చెన్నై గుడ్డ వచ్చింది. రెండు రోజులు కూర్చుని మార్చాను. ఆమె దరఖాస్తు పంపి, పరీక్షలో థర్డ్సే వాయించి నెగ్గింది. మరుసటి వేసవికి హైదరాబాదులో ఒక బడికి వెళ్ళిపోయింది. వెళ్ళాక నాకు ఒకే ఒక మెసేజ్ పెట్టింది: “ఇక్కడ రెండు పియానోలున్నయి అన్నా.”

అప్పటినుంచి నేను పని అయ్యాక సంచి సర్దను. కూర్చుని, మీకు అన్నిటికంటే కష్టమైంది వాయించండి అంటాను. చర్చి పెద్దాయన ఎప్పుడూ వాయించే పాటే వాయిస్తాడు, నేను చివరిదాకా వింటాను. మిర్యాలగూడ పెద్దమ్మ ఒక్క వేలితో రెండు మెట్లు నొక్కి సిగ్గుపడుతుంది. అదీ వింటాను. ఏ పియానో మీద ఏది కష్టమో ట్యూనరుకు వాయించేవాళ్ళే చెప్పాలి, అదీ అతను కూర్చుంటేనే.

కోదాడలో కొత్త టీచరు పిల్లలకు ఎలక్ట్రానిక్ కీబోర్డు మీదే నేర్పుతాడు. పియానో మూతపడి ఉంది. శ్రుతికి మాత్రం నన్ను పిలుస్తారు. తూచి చూస్తే కుడివైపు సరిగ్గా యాభై గ్రాములు. వాయించి చూపించమనడానికి ఎవరూ లేరు కాబట్టి, ఆమె వదిలిపోయిన థర్డ్స్ కాగితంలో మొదటి వరుస నేనే నేర్చుకున్నాను. చాలా నిదానంగా, తప్పులతో. వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి, “బస్సు లేదాండీ?” అంటాడు.

ఉంది, తర్వాత వెళ్తానంటాను.