కీర్తన నాయిన మంచె

జొన్నకంకి పాలు పట్టిందంటే వేముల దగ్గరి చేలో పాలయ్య మంచె ఎక్కేవాడు. విశ్వనాథ్ సారు చేనికి ఏళ్లుగా ఆయనే పిట్టల కాపు. పిచ్చుక వస్తుంది, గింజ తింటుంది, పోతుంది. గిజిగాడికి తుమ్మకొమ్మన గూడు అల్లే పనే సరిపోతుంది, తిండి మధ్యలో. చిలుక అలా కాదు. ఒక కంకి కొరికి కింద పడేసి ఇంకోదాని మీద వాలుతుంది. దాన్ని ముద్దుచేసి పద్యాలు రాసినవాళ్లకు జొన్నచేను ఉండి ఉండదు.

పాలయ్య 'హోయ్' అని అరిచి వడిసెలతో రాయి విసిరితే చిలుకలు గట్టు దాకా పోయి, మొహమాటం తీరినట్టు తిరిగి వచ్చేవి.

పులివెందులలో పంతులుగా ఉన్న విశ్వనాథ్ ఈ ఏడు ప్రొద్దుటూరు నుంచి, కూరగాయల బండ్లకు కట్టే మైకు ఒకటి తెచ్చాడు.

"నీ అరుపు దీంట్లో పట్టిస్తే సాలు పాలయ్యా. అదే అరుస్తాంటాది. నువ్వు ఇంటికాడ సుఖంగా ఉండు."

"ఇంటికాడ నాకేం పని సారూ?"

నిజమే. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చోవడం తప్ప ఊళ్లో ఆయనకు వేరే పని లేదు. మంచె దిగితే ఉత్త పాలయ్య. అయినా సారు మాట కాదనలేక మైకు ముందు అరిచాడు. సరిగ్గా అప్పుడే ఆయన భార్య సుబ్బమ్మ క్యారియరుతో గట్టెక్కింది.

"ఓ కీర్తన నాయినా! సంగటి రాయైపోతాంది. ఆ కట్టెల మింద కూర్చోని యా రాజ్యం ఏలుతాండావు? దిగు!"

పెనిమిటి పేరు నోట పలకకూడదు కనుక కూతురి పేరు మీదుగా తిట్టింది. మైకు రెండూ పట్టుకుంది.

మర్నాడు చేలో మైకు 'హోయ్' అంటే చిలుకలు తలెత్తలేదు. 'ఓ కీర్తన నాయినా' అనేసరికి గుంపంతా లేచి కొండ వైపు పోయింది. విశ్వనాథ్ హోయ్‌ను తీసేసి తిట్టును ఉంచాడు. పాలయ్యను ఇంటికి పంపాడు.

చేలో మైకు తిట్టు దారి దాకా వినబడుతోంది. ఊళ్లో ఆటో నడిపే కలీం బండి ఆపాడు. "ఏం కీర్తన నాయినా, దిగినావా ల్యాదా?"

"దించినారప్పా," అన్నాడు పాలయ్య.

వారం తిరక్కముందే చిలుకలకు ఆ తిట్టు అలవాటైంది, కాపురంలో పాలయ్యకు అయినట్టే. కొన్ని మైకు మీదే కూర్చుని కంకులు కొరుకుతున్నాయి. విశ్వనాథ్ మైకు విప్పుకుని సుబ్బమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఇంకోటి తిట్టమ్మా. కొత్తది."

"ఈయప్ప ఇంటికాడ ఉలకడు, పలకడు. చెప్పిన పనల్లా చేస్తాండాడు. ఊరికే యెట్ల తిట్టేది సారూ? నాకేమన్నా పిచ్చా?"

"మరి ఏం చేస్తే తిట్టు వస్తాది?"

"ఈయప్పను ఆ మంచె మింద చూస్తే వస్తాది."

పాలయ్య అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు.