బియ్యంలో రాసిన పేరు

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఉదయం దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే బెల్ మోగింది. తలుపు తీస్తే మా పక్కింటి మామ్మగారి మేనల్లుడు. ఆయనకీ డెబ్భై దాటాయి. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "తెల్లవారుజామున ఆంటీ పోయింది. మీకు ముందు చెప్పాలనిపించింది" అన్నాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు. ఇంకా చాలామందికి ఫోన్లు చేయాలట. ఆయన వెళ్ళాక నా వంటింటి కిటికీలోంచి చూస్తే, ఆమె వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంది. ఆర్పడం ఎవరికీ గుర్తు రాలేదు కాబోలు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు, ఇప్పుడు రాయడానికి చెయ్యి రాదు. ఎదురుగా ఆంటీ అనేదాన్ని. ఇంట్లో మేమంతా పక్కింటి మామ్మగారు అనుకునేవాళ్ళం. "నన్ను ఆంటీ అనేవాడు ఒక్కడే ఉన్నాడు, వాడికి నేనంటే భయం. నువ్వూ భయపడుతున్నావా?" అని నవ్వేవారు. అయినా ఈ నాలుగు మాటలూ నేను రాస్తున్నది ఒక పేరు గురించే. అది ఆవిడ పేరు కాదు.

మేం అమెరికాలో ఈ అరోరా ఊరికి వచ్చిన కొత్తలో నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు గాని మాట్లాడాలంటే గొంతు పెగిలేది కాదు. నేను చదివింది పదో తరగతి. దుకాణంలో నా వెనక ఎవరైనా నిలబడితే చెప్పదలచుకున్నది సగంలో మింగేసేదాన్ని. మామ్మగారు మాత్రం కంచె మీద మోచేతులు ఆన్చి, "మెల్లగా చెప్పు హనీ, నేనెక్కడికీ పోవడం లేదు" అనేవారు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ కంచె దగ్గర వచ్చిందే.

ఆ ఏడు మా అమ్మాయికి ఐదో పుట్టినరోజు. మేం గుడ్డు తినం. కేక్ ఎక్కడ దొరుకుతుందని ఆవిడని అడిగాను.

"గుడ్డు లేకుండానా? అది కేకా, ఇటుకా?" అన్నారు.

మర్నాడు తనే పెరుగు వేసి ఒకటి చేశారు. ముక్క కొరికి చూసి, పనికిరాదని పారేసి, ఇంకొకటి చేశారు. పుట్టినరోజు నాడు తెల్లటి కేక్ తెచ్చి మా టేబుల్ మీద పెట్టి, "ఇప్పుడు పేరు చెప్పు" అన్నారు. అప్పుడు తెలిసింది, ఆవిడ ఊళ్ళో ఒక బేకరీలో రిటైరయ్యేదాకా పనిచేశారని. కేకుల మీద క్రీముతో పేర్లు రాయడమే ఆవిడ పని. "ఈ ఊళ్ళో పుట్టిన పిల్లల పేర్లన్నీ నా చేత్తో రాశాను" అని చెప్పారు. మా అమ్మాయిది పొడుగు పేరు. క్రీము నింపిన సంచి పిండుతూ, చెయ్యి ఎత్తకుండా, వణక్కుండా రాసేశారు.

"ఈ పేరు ఇంతకుముందు ఎవరిది?" అని అడిగారు. ఏ పేరు విన్నా ఆవిడ అడిగే మాట అది.

"మా అత్తగారిది."

"మరి నువ్వు పిల్లని ఇంకేదో అంటావు?"

"బుజ్జీ అంటాను. అత్తగారి పేరు నోటితో అనకూడదు."

ఆవిడ క్రీము సంచి పక్కన పెట్టారు. "పిలవకూడని పేరు ఏరి మరీ పెట్టుకున్నారా?"

"పేరు నిలవాలని పెట్టుకున్నాం ఆంటీ."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. మాట మార్చాలని, "మీకు పిల్లలు లేరా?" అన్నాను.

"ఒక అమ్మాయి."

"ఏం పేరు?"

"ఇంకా పెట్టలేదు."

మనవాళ్ళెవరైనా ఏమనుకుంటారో నేనూ అదే అనుకున్నాను. ఈ దేశంలో పెద్ద వయసులో కూడా పిల్లల్ని పెంచుకోవడానికి తెచ్చుకుంటారని విన్నాను. అలాంటిదే అయ్యుంటుందని, "మాలోనూ అంతే ఆంటీ. నక్షత్రానికి తగిన అక్షరం దొరక్కపోతే ఆలస్యమవుతుంది" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. "మీలో ఎంత ఆలస్యమవుతుంది?"

"ఇరవై ఒకటో రోజు కాకపోతే మూడో నెల."

"నాకు కొంచెం ఎక్కువే పట్టింది" అని, క్రీము సంచి మూతి తుడిచి లేచారు.

ఆ పిల్లని ఆ వేసవిలో చూశాను. పూలకుండీలు బరువుగా ఉన్నాయి, సాయం వస్తావా అంటే కార్లో కూడా వెళ్ళాను. కారు వెళ్ళి శ్మశానం ముందు ఆగింది. ఆవిడ భర్త సమాధి పక్కన, గడ్డిలో కూరుకుపోయిన చిన్న రాయి. దాని మీద 'పసికూతురు' అన్న ఒక్క మాట, కింద ఒక సంవత్సరం. అంతే.

బిడ్డ కడుపులోనే పోయిందట. ఆ రోజుల్లో అలాంటి బిడ్డని తల్లికి చూపించేవారు కాదట. ఆవిడ మత్తులోంచి తేరుకునేసరికే భర్త తీసుకెళ్ళి పూడ్చి వచ్చాడు. పేరు పెడితే నువ్వు మళ్ళీ మనిషివి కాలేవు, వద్దు అన్నాడట. "మంచివాడు. నన్ను ఒక్క మాట అని ఎరగడు. ఈ ఒక్క విషయంలో మాత్రం పోయేదాకా కదల్లేదు" అన్నారు. పేరు పెట్టకుండా పోయిన బిడ్డకి మాలోనూ ఏ కర్మా చేయరు. ఆ మాట నేను బయటికి అనలేదు. పూలకుండీలు రెండూ రాయికి అటూ ఇటూ సర్దాను.

ఆ బిడ్డకి రావలసిన పేరు ఒకటి సిద్ధంగా ఉండేది. జర్మనీ నుంచి వచ్చిన వాళ్ళ అమ్మమ్మ పేరు గెర్‌ట్రూట్. ఆవిడ కూతురికి, అంటే మామ్మగారి తల్లికీ అదే పేరు. అమెరికాలో పుట్టింది కాబట్టి గెర్‌ట్రూడ్ అయింది. మామ్మగారు రెండో కూతురు కావడంతో వేరే పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన అక్క చిన్నప్పుడే దగ్గొచ్చి పోయింది. ఆ తర్వాత ఆ పేరు ఈ బిడ్డకి రావాలి. జర్మన్ల పాత భాషలో రెండు మాటలు కలిపిన పేరట అది. ఒకటి ఈటె, ఒకటి బలం. "ఊపిరే తీసుకోని పిల్లకి ఈటె పేరు" అన్నారు మామ్మగారు, రాయి మీది మట్టి గోటితో తీస్తూ.

అప్పటినుంచీ బేకరీ కౌంటర్ దగ్గరికి ఏ దేశపు మనిషి వచ్చినా, ఈ పేరు మీ దగ్గర ఎలా అంటారని అడిగేవారట. హాలెండ్ నుంచి వచ్చినావిడ చెల్లెలి కేక్ మీద ట్రూస్ అని రాయించుకుంది. ఫిన్లండ్ వాళ్ళు కెర్టు అన్నారు. ఇటలీ వాళ్ళది జెల్‌ట్రూడే. స్పానిష్ మాట్లాడే పిల్ల ఒకతె హెర్‌త్రూదిస్ మా నాయనమ్మ అంది. స్లొవీనియా ముసలావిడ యెరా అన్నప్పుడు మాత్రం మామ్మగారు నమ్మలేదట. అన్ని వందల ఏళ్ళు తమ దేశపు కొండల్లో జనం నోళ్ళలో నలిగి నలిగి చివరికి అంతే మిగిలిందని ఆవిడే నచ్చజెప్పిందట.

"మా వేంకటేశ్వరుడూ అంతే. వాడ మారితే వెంకన్న, ఇంకో వాడకి వెళ్తే ఎంకటేసు. ఎలా పిలిచినా పలుకుతాడు" అన్నాను.

"మీ దేవుడు పలుకుతాడు, బాగుంది. నాది పలకదు కదా" అన్నారు.

భర్త పోయాక ఆ రాయి మీద పేరు చెక్కించడానికి అడ్డు లేదు. కానీ ఆవిడ తేల్చుకోలేకపోయారు. ఏ పేరు రాయించాలి? అమ్మమ్మదా, అమ్మదా, లేకపోతే ముద్దుగా పిలిచేదా? "పిల్ల ఉండుంటే తనే తేల్చేది. మీ బుజ్జికి బుజ్జి అంటుకున్నట్టు, పిలవగా పిలవగా ఏదో ఒకటి అంటుకునేది. నేను ఒక్కసారి కూడా పిలవలేదు. నాకెలా తెలుస్తుంది?" అనేవారు. ఏళ్ళు అలాగే గడిచాయి. మా బుజ్జి కాలేజీకి వెళ్ళిపోయింది.

పోయిన ఏడు ఆకులు రాలే వేళకి మామ్మగారి గుండె బాగా బలహీనపడింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. రోజూ మధ్యాహ్నం చారన్నం మెత్తగా కలిపి తీసుకెళ్ళేదాన్ని. మిరియం లేకుండా చేస్తే, "ఇది చారు కాదు, వేణ్ణీళ్ళు" అని తిప్పి పంపేవారు. ఒకరోజు చెంచా కింద పెట్టి, "నేను పోతే ఆ రాయి ఎప్పటికీ అలాగే ఉంటుంది" అన్నారు. ఏడవలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పారు.

నాకేం తోచిందో తెలియదు. "పెరటి తలుపు దగ్గరికి రండి ఆంటీ. పిల్ల ఆడుకోవడానికి వెళ్ళింది, అన్నానికి పిలవాలి. పిలిచి చూడండి" అన్నాను.

పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. తర్వాత గొట్టం సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని లేచారు. తలుపు తీస్తే చలిగాలి కొట్టింది. ఖాళీ పెరడు, ఎండుటాకులు. గెర్‌ట్రూట్ అన్నారు. అది పిలుపులా లేదు, ఎవరినో పరిచయం చేసినట్టుంది. గెర్‌ట్రూడ్ అంటే ఊపిరి చాల్లేదు. యెరా అన్నారు, తల అడ్డంగా ఊపారు. ద్వారబంధం పట్టుకుని, "ట్రూడీ" అని కేకేశారు. అవతలింటి కుక్క మొరిగింది. ఆవిడ కదలకుండా నిలబడ్డారు, నిజంగా ఎవరో పరిగెత్తుకుంటూ వస్తారన్నట్టు. చాలాసేపటికి, "తలుపు వెయ్యి, చలిగా ఉంది" అన్నారు.

అది బేకరీలో దొరికిన పేరు కాదట. పోయిన అక్కని ఇంట్లో అలాగే పిలిచేవారట.

మా బారసాల గురించి నేనే చెప్పాను. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, బిడ్డ చెవిలో చెబుతామని. చెప్పేశాక భయమేసింది. లేని బిడ్డకి చేయొచ్చా? గుడికి వెళ్ళి పూజారిగారిని అడిగాను. ఆయన తలగీరుకుని, "నాకు తెలిసినంతలో శాస్త్రంలో లేదమ్మా. మంత్రం నేను చదవను. ఆ తల్లి బియ్యంలో రాసుకుంటానంటే మాత్రం వద్దనడానికి నేనెవర్ని?" అన్నారు. నాకు అంతే చాలు.

స్టీలు పళ్ళెంలో బియ్యం పోసి, పసుపు కలిపి తీసుకెళ్ళాను. మామ్మగారు పెళ్ళి ఉంగరం తీశారు. వేలు చిక్కిపోయి అది తేలిగ్గానే వచ్చింది. ఇంతకాలం ఊళ్ళో పిల్లలందరి పేర్లూ చెయ్యి ఎత్తకుండా రాసినావిడ అప్పుడు ఒక అక్షరం చెరిపి మళ్ళీ రాశారు. ట్రూడీ.

"ఇప్పుడు చెవిలో చెప్పాలన్నావు. ఎవరి చెవిలో?" అన్నారు.

తల వంచి నా చెవి పెట్టాను. చెప్పారు. ఆ ఊపిరికి మందుల వాసన ఉంది.

ఆ పళ్ళెం కదిలించనివ్వలేదు. కేకుల మీద మూసే గాజుమూత దాని మీద బోర్లించి వంటింటి బల్ల మీదే ఉంచారు. రాయి చెక్కే మనిషికి ఫోన్ చేస్తే, నేల గడ్డకట్టి ఉంది, మార్చిలో వస్తానన్నాడు. "మా చర్చిలో కొలిచే ఈ పేరున్న పుణ్యాత్మురాలు ఒకావిడ ఉంది. ఎలుకల బెడదకి ఆవిడకి మొక్కుకునేవారు. ఆవిడ పండగ మార్చిలోనే. ఆ రోజునుంచి నేల తవ్వొచ్చని మా అమ్మమ్మ చెప్పేది. సరిగ్గా సరిపోయింది" అన్నారు. ఆ రోజు చారులో మిరియం సరిపోయిందని కూడా అన్నారు.

మార్చి దాకా ఉండలేదు.

అంత్యక్రియలయ్యాక మేనల్లుడు ఇల్లు సర్దుతున్నాడు. నేను వెళ్ళి రాయి సంగతి చెప్పాను. ఆయన వినకపోలేదు. చేతిలో ఉన్న అట్టపెట్టె కింద పెట్టి మరీ విన్నాడు. "అంకుల్ అది వద్దనుకున్నాడు కదండీ. ఇప్పుడు ఇద్దరూ ఆయన పక్కనే ఉన్నారు. దాన్నలా వదిలేద్దాం" అన్నాడు. ఆ స్థలం మీద హక్కు ఇప్పుడు ఆయనదే. చెక్కే మనిషిని రావద్దని చెప్పేశాడట. "మెల్లగా చెప్పు హనీ" అనే మనిషి ఆ ఇంట్లో లేదు. అయినా, "ఆవిడ పేరు పెట్టారండి. నేను విన్నాను" అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. "ఈ బియ్యం మీవేనా?" అని పళ్ళెం అందించాడు. గాజుమూత ఎవరో తీసేశారు. అక్షరాలు సగం కలిసిపోయాయి.

ఆ బియ్యంతో పరమాన్నం వండి దేవుడికి పెట్టాను. మావారూ నేనూ తిన్నాం.

మార్చి నడిమికి వెళ్ళాను. నేల కరిగే వేళ అన్నారు గాని ముందురోజు మళ్ళీ మంచు పడింది. మామ్మగారికి ఇంకా రాయి పెట్టలేదు, మట్టి దిబ్బ మాత్రం ఉంది. పక్కన చిన్న రాయి కనబడకుండా మునిగిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో తడిమి, ఎక్కడుందో చూసుకున్నాను. దాని మీద మంచు తీయలేదు. పొడిగా, తెల్లగా, పళ్ళెంలో చదును చేసిన బియ్యంలాగే ఉంది. చేతి తొడుగు తీసి, ఉంగరం వేలితో రాశాను. మామ్మగారు రాసినట్టే, వాళ్ళ అక్షరాల్లో. వేలు తిమ్మిరెక్కింది. తర్వాత పైకి పిలిచాను, అన్నానికి పిలిచినంత గట్టిగా. నేను అంత గట్టిగా మాట్లాడటం నాకే కొత్త.

లేచి నిలబడేసరికి మళ్ళీ మంచు మొదలైంది. కారు దగ్గరికి వెళ్ళకుండా అక్కడే నిలబడి చూశాను. ముందు చివరి అక్షరం పూడింది. తర్వాత దాని పక్కది.