మాస్టారి నీలం టిక్కు

మా స్టెనో మాస్టారు పోయిన వార్తను నేను షార్ట్‌హ్యాండులో రాసుకున్నాను.

కావాలని కాదు. పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఆఫీసుకి చీరాల బ్రాంచి నుంచి ట్రంకాల్ వచ్చింది. ట్రంకాల్ అనగానే పెన్సిలు దానంతటదే చేతిలోకి వచ్చే అలవాటు నాది. లైనంతా గరగర. అవతల బ్రాంచి గుమాస్తా గారు ఒక్కో మాటా విడదీసి అరుస్తున్నారు. నేను తలవంచి గీతలు గీసుకుంటూ పోయాను. "రాసుకున్నారామ్మా?" అని ఆయన అడిగితే "ఆఁ, రాసుకున్నానండీ" అని ఫోను పెట్టేశాను. ఆ తర్వాత ఏం రాశానో చదువుకున్నాను. మాస్టారు నిద్రలోనే పోయారు, సాయంత్రం దాకా ఉంచుతారు, రాగలవాళ్ళు రావచ్చు. ఆ గీతలు రాయడం, చదవడం నాకు నేర్పింది ఆయనే.

ఇది చదివేవాళ్ళలో చాలామంది మన ఊరి గుమాస్తాల, టైపిస్టుల సంఘం వాళ్ళే అయ్యుంటారు. సంఘం ఎలా పుట్టిందో మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఏటా సభలో చెప్పుకునే కథే. ఒక కంపెనీలో స్టెనో ఉత్తరంలో ఒక లైను చదవడం మర్చిపోయాడు, పెద్ద నష్టం జరిగింది, దాచకుండా తప్పు ఒప్పుకున్నాడు, గొడౌనుకి గెంటేశారు, దాంతో మిగతావాళ్ళకి కళ్ళు తెరుచుకున్నాయి. ఆ కథలో ఒక తప్పుంది. దాన్ని దిద్దాల్సిన మనిషిని నేను.

మా కంపెనీ పేరు అనవసరం. పత్తీ మిరపకాయలూ కొని ఓడలకెక్కించే కంపెనీ. నేను టైపు హయ్యరు పాసై అక్కడికి పనికోసం వెళ్ళిన రోజున ఆ ఆఫీసులో ఆడమనిషి అంటే పొద్దున్నే ఊడ్చి వెళ్ళే ముసలమ్మ ఒక్కతే. మా నాన్న బడిపంతులు, పక్షవాతం వచ్చి నల్లపాడులో మంచాన ఉన్నాడు. ఇంట్లో సంపాదించేదాన్ని నేనొక్కదాన్నే. మేనేజరు గారు నా సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి, "ఆడపిల్లలు ఇక్కడ నెగ్గుకురాలేరమ్మా" అన్నారు. గోడవారగా కూర్చుని పెన్సిలు చెక్కుకుంటున్న ఒక బక్కపలచటి మనిషి తలెత్తకుండానే, "వేళ్ళకి ఆడా మగా ఉండదండీ. కొట్టించి చూడండి" అన్నారు. కొట్టించి చూశారు. అలా వచ్చింది నా ఉద్యోగం.

ఆ మనిషే మాస్టారు. తెల్లపంచె, పొట్టిచేతుల చొక్కా, జేబులో మూడు పెన్సిళ్ళు. రెండు నల్లవి. మూడోది ఒకవైపు నీలం, ఒకవైపు ఎరుపు. నీలంవైపు అరిగి బొటనవేలంత అయ్యేది, ఎరుపువైపు మొన కూడా విరిగేది కాదు. అదేంటి మాస్టారూ అంటే, "ఎరుపు దిద్దేవాళ్ళ రంగమ్మా. మనకెందుకూ" అనేవారు. పెన్సిలు చెక్కిన పొట్టు కాగితంలో పోగుచేసి తనే బయట పారేసి వచ్చేవారు. ఊడ్చే ముసలమ్మకి నడుం నొప్పట.

ఆయన పని తీరు చెబితే తప్ప మిగతాది అర్థం కాదు. మేనేజరు గారు ఇంగ్లీషులో ఉత్తరం చెబుతుంటే ఆయన షార్ట్‌హ్యాండులో రాసుకునేవారు. ఆ పుస్తకం పట్టుకుని బయటికొచ్చి నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కో వాక్యమే చదివేవారు. నేను ‘ఊ’ అనాలి. కథ చెబుతుంటే పిల్లలు ఊ కొట్టినట్టు. నేను ‘ఊ’ అన్నాకే ఆ వాక్యం పక్కన నీలం టిక్కు పడేది, తర్వాతి వాక్యం మొదలయ్యేది. ఒకసారి నాకు కొంటెతనం పుట్టి టకటకా కొట్టేసి కూడా ఊ అనకుండా ఊరుకున్నాను. ఆయన పెన్సిలు గాల్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. టీ వచ్చింది. టీ చల్లారింది. చివరికి నేనే ఓడిపోయి "ఊ" అంటే, ఏమీ జరగనట్టు టిక్కు పెట్టి ముందుకెళ్ళారు. హాలంతా నవ్వింది.

వేగం చూపించి మెప్పు పొందాలని నా ఆరాటం. "పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు, అమ్మాయ్" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. "మనం రాసిన కాగితం మీద మన పేరుండదు. అందుకే అది ఇంకా శుభ్రంగా ఉండాలి." ఆ రాసుకున్న పుస్తకాలు మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నిండగానే ఇంటికి తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. గదిలో విన్నది గదిలోనే ఉండాలని ఆయన నియమం.

ఇక ఆ ఉత్తరం. మద్రాసు రేవులో మా ఏజెంటుకి, మిరపకాయల బస్తాలు ఓడకెక్కించమని. కొనేవాళ్ళు నమూనా చూసి సరేనన్నాకే ఎక్కించండి అని మధ్యలో ఒక్క లైను. ఆ రోజు పొద్దున మా నాన్న మంచం దిగబోయి పడ్డాడు. పక్కింటావిడకి అప్పజెప్పి రైలెక్కి వచ్చాను. చేతులు మిషను మీదున్నాయి, మనసు నల్లపాడులో ఉంది. టపాకి వేళైపోతోందని మేనేజరు గారు ఉత్తరం చదవకుండానే సంతకం పెట్టేశారు, మాస్టారికి సరిచూసే వ్యవధి లేకపోయింది. కవరు వెళ్ళిపోయింది. అందులో ఆ లైను లేదు. ఏజెంటు ఎక్కించేశాడు. కొనేవాళ్ళు సరుకు వద్దన్నారు, ఇకముందు మీతో బేరమే వద్దన్నారు.

మేనేజరు గారు మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచి ఉత్తరం నకలు బల్ల మీద కొట్టారు.

"ఏదమ్మా ఆ లైను? నేను చెప్పాను. నోటితో చెప్పాను."

"ఆయన చదివింది చదివినట్టే కొట్టానండీ" అన్నాను. అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు. అదే నిజమని నా నమ్మకం.

"అందుకే ఆడపిల్లల్ని పెట్టొద్దంది! ఇంకో ఆడపిల్లని ఈ గుమ్మం తొక్కనిస్తే చూడండి. రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

మాస్టారు చంకలో పుస్తకం తీసి పేజీ తిప్పారు. దాన్ని చాలాసేపు చూశారు. మూసేశారు.

"నేనే చదవలేదండీ. దాటేశాను. అమ్మాయి తప్పేం లేదు."

"ఏదీ, చూపించు."

"చూపిస్తానండీ. చదవగలిగితే చదువుకోండి."

ఆ గీతలు చదవడం మా ఆఫీసులో ఇంకెవరికీ రాదు. మేనేజరు గారికి ఒళ్ళు మండింది. మర్నాటికల్లా మాస్టారిని మిరపకాయల గొడౌనుకి మార్చేశారు.

గదిలోంచి బయటికొచ్చాక నేనేం చేశానో చెప్పాలి. ఆయన కాళ్ళకి దండం పెట్టలేదు. ఏడవలేదు. ఉద్యోగం దక్కిందన్న గుండెదడలో, "మీరు చూసుకోవాలి కదండీ మాస్టారూ" అన్నాను. కోపంగానే అన్నాను.

"అవునమ్మా. చూసుకోవాలి" అన్నారు ఆయన.

ఆ ఆదివారమే అరండల్‌పేటలో టైపు నేర్పే గదిలో ఏడుగురం చేరాం. మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి, ఆ స్టూళ్ళ మీదే కూర్చున్నాం. మా ఆఫీసులో టపా పంపే డెస్పాచి గుమాస్తా గారు లేచి, "ఇరవయ్యేళ్ళు చేసిన మనిషికే దిక్కులేకపోతే మన గతేంటయ్యా?" అని అరిచారు. ఆ అరుపే మన సంఘానికి మొదటి ఉపన్యాసం. సంజాయిషీ అడక్కుండా ఎవరినీ తీసేయకూడదు, మార్చకూడదు. నియామకం నోటిమాటగా కాదు, కాగితం మీద ఇవ్వాలి. ఆ రెండు తీర్మానాల మీదే మనం ఇన్నేళ్ళు నిలబడ్డాం, చాలా ఆఫీసుల్లో సాధించాం. ఆ రోజు మాస్టారిని అధ్యక్షుడిగా ఉండమంటే, "తప్పు చేశానని ఒప్పుకొచ్చినవాణ్ణి. నేనేంటి, అధ్యక్షుడేంటి?" అని మూలకి పోయి తీర్మానాలు రాసుకున్నారు. ఇక గొడౌనులో బస్తాల మీద అంకెలు వేయడం, గేటు చీటీలు రాయడం ఆయన పని. ఊళ్ళో ఆయనంత వేగంగా షార్ట్‌హ్యాండు రాసేవాళ్ళు లేరు. ఆ చేతికి మళ్ళీ ఎవరూ ఒక్క ఉత్తరం చెప్పలేదు.

మిరప కోరు, ఆ ఘాటు, గొంతులో పడి ఆయనకి దగ్గు పట్టుకుంది. ఆదివారాలు కళ్ళెర్రగా వచ్చేవారు. సమావేశం అయ్యాక నన్ను ఉండమని షార్ట్‌హ్యాండు నేర్పేవారు. "నా చేతికి పని పోయింది. నీ చేతికైనా ఉండనీ" అనేవారు. ఫీజు మాటెత్తితే కసిరేవారు. నాలుగేళ్ళకి మేనేజరు గారి గదిలో గోడవారగా ఉన్న ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. బయట హాల్లో ఇప్పుడు ఆడవాళ్ళం ఆరుగురం.

డెస్పాచి గుమాస్తా గారు మంచివారే, నోరు మాత్రం ఊరుకోదు. మాస్టారికి ‘లైను మింగిన మాస్టారు’ అని పేరు పెట్టింది ఆయనే. ప్రతి సభలోనూ భోజనాల దగ్గర, "మాస్టారికి పులిహోర ఎక్కువ వెయ్యకండ్రా, ఆయన లైనే మింగేశాడు, కడుపులో ఖాళీ లేదు" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. మాస్టారు దగ్గుతూ నవ్వేవారు. నేనూ నవ్వాను. ఒకసారి కాదు, ఏటా.

రెండేళ్ళ క్రితం రిటైరై చీరాలలో కూతురి ఇంటికి వెళ్ళిపోయారు. ట్రంకాల్ వచ్చిన రోజు సాయంత్రానికి రైల్లో వెళ్ళి చివరిచూపు చూసుకున్నాను. మళ్ళీ పదకొండో రోజున వెళ్ళాను. పెరట్లో పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, పొయ్యి మీద నీళ్ళ కాగు పెట్టి, పక్కన పెట్టెలోంచి ఒక్కో పుస్తకం తీసి మంటలో వేస్తున్నారు. అన్నీ షార్ట్‌హ్యాండు పుస్తకాలు.

"నా తర్వాత ఒక్కటీ ఉంచొద్దన్నారమ్మా. గట్టిగా చెప్పారు. నువ్వూ వెయ్యి" అన్నారు.

కూర్చుని వేయడం మొదలుపెట్టాను. అట్టల మీద నెల, ఏడు రాసి ఉన్నాయి. ఒక అట్ట దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ నెల నాకు మరుపురాదు. తెరవకూడదని తెలుసు. తెరిచాను. మిగతా పేజీలు చదవలేదు, ఆయన మీద ఒట్టు. మద్రాసు ఉత్తరం ఒక్కటే చదివాను. ఆయన అప్పుడు చాలాసేపు చూసిన పేజీ అదే. ఆ గీతలు చదవడం నాకప్పుడు రాదు.

లైను ఉంది. దాని పక్కన నీలం టిక్కు ఉంది.

టిక్కు ఉందంటే ఆయన చదివారు. నేను ఊ అన్నాను. వినకుండా అన్నాను, కొట్టకుండా అన్నాను. ఆ లైను మింగింది నేను.

తిరిగొచ్చి డెస్పాచి గుమాస్తా గారికి, అంటే మన ఇప్పటి అధ్యక్షులకి, మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. 

"పదేళ్ళు నవ్వుకున్నాం గదమ్మా" అన్నారు. "ఆయనా నవ్వాడు గదా మనతో."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఆయన దాచింది నువ్వు బయటపెట్టొచ్చంటావా?" అన్నారు.

"పుస్తకంలోది బయటపెట్టనండీ. నాది నేను బయటపెడతాను" అన్నాను.

మాస్టారికి నిజం ఒప్పుకునే వీలు నాకు లేకుండా పోయింది. ఆయన బతికుండగా తెలిసుంటే కనీసం ఆ పులిహోర ముచ్చట ఆపేదాన్ని. రోజూ నేను కూర్చునేది ఆయన కుర్చీలోనే. ఇకమీదట సభలో మన కథ చెప్పేటప్పుడు స్టెనో మర్చిపోయాడని చెప్పకండి. టైపిస్టు మర్చిపోయింది, స్టెనో తన మీద వేసుకున్నాడు, అని చెప్పండి. రుజువు అడిగితే నా దగ్గర లేదు. ఆయన ఉంచొద్దన్నారు కాబట్టి ఆ పుస్తకం కూడా పొయ్యిలోనే వేశాను.

వేసేముందు పిన్నిగారు అడిగారు.

"ఏంటమ్మా, అంతసేపు చూస్తున్నావు?"

"ఏం లేదు పిన్నిగారూ. ఒక లైను."

"ఆయన నీకు చదివేవారట గదా. ఎట్టా చదివేవారో ఆ ఒక్కటీ చదువు, వింటాను."

ఆయనలాగే, ఏ మాటకా మాట విడదీసి, ఇంగ్లీషులో ఆ ఒక్క లైనూ చదివాను. పిన్నిగారికి ఇంగ్లీషు ముక్క రాదు. పొయ్యిలోకి చూస్తూ, పుల్ల ఎగదోస్తూ, చెవి మాత్రం ఇటు పెట్టి పూర్తిగా విన్నారు. విని, "ఊ" అన్నారు.