చంద్రవంక ఒడ్డున గుడారం కాపురం

మా ఆయనకు కుడి కాలువ సర్వేలో ఓవర్సీరు ఉద్యోగం వచ్చిందన్న సంతోషం మా ఇంట్లో ఒక్క పూటే నిలిచింది. ఆ ఉద్యోగంలో ఉండడానికి ఇల్లు ఇవ్వరనీ, కాలువ గీత ఎటు పోతే అటు గుడారం మోసుకుపోవాలనీ సాయంత్రానికి తెలిసింది. నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగిన కొత్త రోజులవి. మాచర్ల దగ్గర మొదలుపెట్టి ఎన్నేళ్ళు, ఎక్కడిదాకా కొలుస్తారో ఎవరికీ తెలియదు.

"నువ్వూ వస్తావుగా ఎస్తేరూ?" అన్నారు మా ఆయన.

నేను నరసరావుపేటలో మిషను వారి ఆడపిల్లల బడిలో టీచరుని. తలగడ మారితేనే నిద్రపట్టని మనిషిని. "మీరు వెళ్ళండి. నేను అత్తయ్య దగ్గరుండి బడికి పోతాను. అప్పుడప్పుడూ వచ్చి చూసి పోండి" అన్నాను. మాకు పెళ్ళయి ఏడాది నిండలేదు. ఆయన ముఖం చూడలేక కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆయనా వెనకే వచ్చారు. "నువ్వు రానంటే నేనూ పోను. ఇష్టం లేదని రాసేస్తాను. కానీ ఒక్కసారైనా ఉండి చూడకుండా వద్దంటే ఎట్టా?" అన్నారు. అది న్యాయంగానే తోచింది. దసరా సెలవుల్లో రెండు రాత్రులు గుడారంలో ఉండి చూద్దామని, ఆ తర్వాత నేనేమంటే అదే జవాబుగా రాయాలని ఒప్పందం చేసుకున్నాం. మా ప్రయాణానికి కారణం ఇదీ. షికారుకు వెళ్ళామని అప్పట్లో అందరికీ చెప్పాను గానీ, మా ఆయన ఉద్యోగం నా నిద్రమీద ఆధారపడి ఉందని మా ఇద్దరికీ తెలుసు.

ముందు గుడారం కావాలి. హైస్కూలు వాళ్ళు స్కౌట్ల గుడారం ఒకటి చూపించారు. అందులోకి పాకుతూ పోవాలి, పాకుతూ రావాలి. మా ఆయన పడుకుంటే మోకాళ్ళ కింద భాగమంతా బయటే ఉండిపోయింది. తర్వాత పెళ్ళిపందిళ్ళ సామాను అద్దెకిచ్చే దుకాణానికి వెళ్ళాం. అక్కడ ఎర్రగా పచ్చగా కుచ్చులు వేలాడే డేరా ఉంది. "ఎవరి పెళ్ళమ్మా?" అన్నాడు దుకాణదారు. "పెళ్ళయిపోయింది, కాపురానికి" అన్నాను. అతను మా ఆయన వంక జాలిగా చూశాడు. ఆ డేరా నిలబెట్టాలంటే నలుగురు మనుషులు కావాలట. మా కాపురానికి నలుగురు ఎక్కువనిపించింది.

చివరికి పత్తి మిల్లు పక్కన పాతసామాన్ల సాయిబు దగ్గర దొరికింది. యుద్ధకాలంలో మిలిటరీ వాళ్ళు వాడి వేలం వేసినది. రెండు పొరల మందపాటి గుడ్డ, నడుమ ఒకటే కంబం.

"బర్మా దాకా పోయొచ్చిన డేరా తల్లీ ఇది" అన్నాడు సాయిబు.

"మరి ఇందులో పడుకున్నాయన తిరిగొచ్చాడా?" అన్నాను.

సాయిబు నవ్వి, డేరా లేపించి చూపించాడు. మాలాగా వెళ్ళదలచిన దంపతులకు ఒక మాట చెబుతాను. గుడారం ఎంపిక మగవాళ్ళకు వదిలేయకండి. వాళ్ళు గుడ్డ మందం చూస్తారు, తాళ్ళు లాగి చూస్తారు. నేను లోపలికి వెళ్ళి, తెర దించి, నిలబడి కుచ్చిళ్ళు తీసి మళ్ళీ పెట్టుకున్నాను. నిలబడి చీర కట్టుకోవడానికి వీల్లేని గుడారంలో ఆడది కాపురం చేయలేదు. ఇందులో వీలుంది. బూజు వాసన ఒక్కటే లోటు. ధర చెప్పను. ఆ నెల మా అత్తయ్య కూరల్లో నూనె తగ్గించింది.

దాన్ని మా పెరట్లో ఒకసారి వేసి చూశాం. మెత్తటి నేలలో చెక్క మేకులు చక్కగా దిగాయి. మా ఆయన గర్వంగా చుట్టూ తిరిగారు. మడత మంచాలు రెండు, పంపు స్టవ్వు, లాంతరు, కూజా, దోమతెర, చాప సిద్ధం చేశాం. అత్తయ్య గోంగూర పచ్చడి జాడీతో పాటు ఒక చీపురు కూడా ఇచ్చింది. "గుడ్డ ఇల్లయినా ఊడవకుండా ఉంటదా?" అంది.

తెల్లవారి ఆరింటికి పిడుగురాళ్ళ బస్సెక్కాం. గుడారం మూటను టాపుమీదికి ఎక్కించడానికి ముగ్గురు పట్టాల్సి వచ్చింది. "ఏందయ్యా ఇది, ఏనుగు పిల్లా?" అని కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు. దారి పొడుగునా నల్లరేగడి, మిరప మళ్ళు, అక్కడక్కడా పత్తి. పిడుగురాళ్ళ చేరేసరికి సున్నపు బట్టీల పొగకు కళ్ళు మండాయి. స్టేషను బయట ఇడ్లీ తిని, పదింటికి మాచర్ల రైలెక్కాం.

రైలు తాపీగా నడిచింది. గురజాలలో మినపవడలు బాగున్నాయి, టీ బాగాలేదు. రెంటచింతలలో ఒకావిడ ఎక్కి, మా సామానంతా కళ్ళతోనే సోదా చేసి, "ఊరొదిలి పోతన్నారా అమ్మా?" అంది. "లేదు పెద్దమ్మా, రెండు రోజుల్లో వచ్చేస్తాం" అన్నాను. ఆవిడ చీపురు వంక చూసి నమ్మలేదు.

మాచర్లలో హోటలు భోజనం చేసి, బండి మాట్లాడుకుని, ఎత్తిపోతల జలపాతం దారిలో చంద్రవంక ఒడ్డుకు నాలుగింటికి చేరాం. చోటు ముచ్చటగా ఉంది. వాగు నిండా నీళ్ళు, ఒడ్డున పచ్చగడ్డి, కనుచూపు మేరలో ఒక పల్లె. మా ఆయన చొక్కా చేతులు మడిచి మొదటి మేకు కొట్టారు. మేకు రెండుగా చీలింది. రెండోదీ అంతే. గడ్డి కింద జానెడు మన్నుంది, దాని కింద నాపరాయి పరుచుకుని ఉంది.

"పల్నాడులో రాయి లేని చోటు యాడుందయ్యా?" అని బండివాడు ఎడ్లను మళ్ళించుకుని వెళ్ళిపోయాడు.

ఇద్దరం బండలు దొర్లించుకొచ్చి వాటికి తాళ్ళు కట్టాం. నా గాజులు మూడు పగిలాయి. పొద్దు గూట్లో పడే వేళకు గుడారం లేచింది, ఒక పక్కకు ఒరిగి. లోపల మంచాలు వేయబోతే నడుమ కంబం అడ్డం వచ్చింది. కంబానికి అటు ఆయన మంచం, ఇటు నా మంచం. మా ఇద్దరి మధ్యా మా అత్తయ్య వచ్చి కూర్చున్నట్టుంది. ఆ రాత్రి గురించి ఎక్కువ రాయను. మడత మంచం నేను కదిలితే మూలిగింది, కదలకపోతే కింద నుంచి చలి కొట్టింది. వాగులో కప్పలకు మాత్రం కంఠాలు చక్కగా ఉన్నాయి.

తెల్లవారాక మా ఆయన కాఫీ కాచి తెచ్చి, నా ముఖంలోకి చూడకుండా గ్లాసు ఇచ్చారు. నేను తీర్పు వాయిదా వేసి కాఫీ అందుకున్నాను. ఇంకో రాత్రి మిగిలి ఉంది కదా.

కాఫీ పూర్తి కాకముందే ఇద్దరు రైతులు పాలచెంబుతో వచ్చి దూరంగా నిలబడ్డారు. ఆ రోజుల్లో ఆ వైపు గుడారం కనబడిందంటే సర్కారు క్యాంపు దిగిందనే అర్థం. ఆ సంగతి మాకు తట్టలేదు.

"అయ్యా, కాలవ మా చేను పక్కగా పోనియ్యండి" అన్నాడు ఒకాయన.

"నా చేలో మటుకు పడనీయమాకండి, ఉన్నదే ఎకరం" అన్నాడు రెండో ఆయన.

మా ఆయన కంగారుపడి, తానింకా ఉద్యోగంలో చేరలేదని చెప్పారు. మరెందుకు వచ్చారని అడిగారు వాళ్ళు. "ఊరికే, సరదాకి" అన్నారు ఈయన. రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇల్లుండగా సరదాకి గుడ్డకింద పండుకుంటారా ఎవరన్నా?" అని గొణుక్కుంటూ, పాలు మాత్రం ఇచ్చి వెళ్ళారు.

గంట తిరక్కుండా పల్లెలోని ఆడవాళ్ళంతా వచ్చారు. ముందు నడిచే ముసలామె పేరు చెంచమ్మ. ఆవిడ గుడారం చుట్టూ తిరిగింది, గుడ్డ పట్టుకు చూసింది, లోపలికి తొంగి కంబానికి చెరో వైపునా ఉన్న మంచాలు చూసింది. బయటికి వచ్చి నా గడ్డం పట్టుకుంది.

"నిజం చెప్పు బిడ్డా. ఇద్దరూ లేచొచ్చారు గదా?"

నాకు నవ్వు ఆగలేదు. రాత్రంతా నిద్ర లేదేమో, ఒళ్ళంతా కొంటెతనం పుట్టుకొచ్చింది. "ఎట్టా కనిపెట్టావు పెద్దమ్మా?" అన్నాను తల దించుకుని.

స్టవ్వు దగ్గర మా ఆయన చేతిలోంచి దాని రంధ్రం పొడిచే పిన్ను జారిపోయింది. చెంచమ్మ ఆయన మీద పడింది. "ఏమయ్యా, ఆరడుగులు పెరిగావు, పిల్లను తీసకొచ్చేముందు ఒక ఇల్లు చూసుకోవాలని తెలవదా? మొకం కడిగిన ముత్యంలా ఉంది, ఎండకీ మంచుకీ ఈ పాత గుడ్డ కింద పడేస్తావా?" ఆయన కూజా పట్టుకుని వాగు వైపు పారిపోయారు. కూజా అప్పటికే నిండుగా ఉంది.

ఆడవాళ్ళంతా నా చుట్టూ కూర్చున్నారు. చెంచమ్మ నా చేయి తన ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "నా మాటిను. నువ్వు మా ఇంట్లో ఉండు, నా కూతురితో పాటే. వాణ్ణి పోయి ఉద్యోగం చూసుకోమను. అప్పుడప్పుడూ వచ్చి చూసి పోతాడు. ఇల్లు అమిరినాక తీసకపోతాడు."

ఆవిడ ప్రేమగానే చెప్పింది. అవి అచ్చంగా నేను మా వంటింట్లో అన్న మాటలే. నా నోట ఎంతో తెలివిగా అనిపించిన మాటలు పరాయి మనిషి నోట వినేసరికి ఒళ్ళు మండింది. ఈయన ఒక్కరే ఏ రాళ్ళగుట్ట మీదో కూర్చుని స్టవ్వు పిన్ను వెతుక్కుంటూ ఉండడం కళ్ళకు కట్టింది.

"ఆయన్ని ఒక్కణ్ణే ఎట్టా పంపుతాను పెద్దమ్మా?" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. "అప్పుడప్పుడూ చూసి పోవడానికా నేను పెళ్ళి... ఆయనతో వచ్చింది?"

"అయితే వాణ్ణొదిలి ఉండలేనంటావు."

"ఉండలేను."

ఆడవాళ్ళు గలగలా నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట అన్నది లేచిపోయి వచ్చిన పిల్లో, నరసరావుపేట టీచరమ్మో నాకే తేలలేదు. అందుకే మా ఆయన తిరిగి వచ్చాక ఆయనకు చెప్పలేదు.

చెంచమ్మ ఊరుకునే మనిషి కాదు. మనుషుల చేత ఎండుగడ్డి మోపులు తెప్పించింది. మంచాలు బయట పారేయించి, కంబానికి ఒకే వైపున గడ్డి మందంగా పరిచి, పైన చాప వేసింది. "రెండు మంచాలంట, రెండు!" అని వెళ్తూ వెళ్తూ కూడా తిట్టింది. మధ్యాహ్నం మేమిద్దరం నడిచి వెళ్ళి ఎత్తిపోతల చూసి వచ్చాం. నీళ్ళు పైనుంచి దూకే చోట తుంపర దూరానికే ముఖాన కొడుతుంది. అంత హోరులో మాట్లాడుకునే పని లేదు గనక ఇద్దరికీ హాయిగా ఉంది. తిరిగి వచ్చే దారిలో మాత్రం, లేచొచ్చామని ఎందుకన్నావని పోట్లాడుకున్నాం, చెంచమ్మ తిట్లు తలుచుకుని నవ్వుకున్నాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. అంతకు మించి రాయను. లేచేసరికి ఎండ గుడారం సగం దాకా వచ్చింది.

బయలుదేరే ముందు చెంచమ్మకు నిజం చెప్పాను. మాకు పెళ్ళయిందని, చర్చిలో అందరి ఎదుటా అయిందని చెప్పాను. ఆవిడ బుగ్గన చేయి పెట్టుకుంది. "పెళ్ళయినోళ్ళు లేచిపోవటం ఇదే చూట్టం తల్లీ" అని, దారికి నాలుగు జొన్నరొట్టెలు కట్టి ఇచ్చింది.

మాచర్లలో పదకొండింటి రైలెక్కాం. గుడారం మూట మా కాళ్ళ ముందే పెట్టుకున్నాం. మా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఒప్పందం ప్రకారం నేను చెప్పాలి, ఆయన అడగకూడదు. నేను చెప్పలేదు గనక నా జవాబు వద్దనేనని ఆయన అనుకున్నారు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. పక్కన జనం, సిగ్గు. ఒడ్డున గుడ్డకింద గడిపిన ఆ రెండు రోజుల్లో మా ఇంట్లో పెళ్ళయిన నాటినుంచీ మాట్లాడుకున్న దానికన్నా ఎక్కువ మాట్లాడుకున్నాం, పోట్లాడుకున్నాం, నవ్వుకున్నాం. గుడారంలో సుఖమేమిటంటే ఒకరి మీద ఒకరికి అలిగి పోవడానికి రెండో గది ఉండదు. ఇదంతా రైల్లో ఎలా చెప్పను?

గురజాలలో ఒక మిరపకాయల వ్యాపారి ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. మూటను వేలితో నొక్కి చూశాడు. "మిలిటరీ డేరాలా ఉందే. చానా గట్టి సరుకు. మిరపకళ్ళంలో కాపలాకి ఇట్టాంటిదే ఎతుకుతన్నా. అమ్ముతారా?"

మా ఆయన నా వైపు చూడలేదు. మూట వంకే చూస్తూ, "తీసుకోండి. ఇంక మాకెందుకు?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వ్యాపారి అప్పటికే జేబులో చేయి పెట్టాడు.

"అమ్మం, అన్నా" అన్నాను.

"ఆయన ఇస్తానంటన్నాడు గదమ్మా?"

"ఆయన అట్టాగే అంటారు. ఉన్న ఇల్లు అమ్ముకుని మేమెక్కడ ఉండాలి?"

"ఇల్లా?" అన్నాడు వ్యాపారి, మూట వంక అనుమానంగా చూస్తూ.

"ఇల్లే. వచ్చే నెల నుంచి మా కాపురం అందులోనే."

రైలుపెట్టెలో అందరూ మా వైపు తిరిగారు. మా ఆయన నా వైపు తిరిగి, మూట మీద చేయి వేసి గట్టిగా పట్టుకున్నారు.

"ఆ సంగతి ముందే చెప్పొద్దా అయ్యా?" అని వ్యాపారి ఆయన్ని కోప్పడ్డాడు.

"నాకూ ఇప్పుడే తెలిసింది" అన్నారు మా ఆయన.