పెద్దమ్మ ఊడ్చిన గుట్టబాట

మా పెద్దమ్మ చనిపోయి నెల దాటింది. అన్న ఫోన్ చేసి "పెద్దమ్మ పోయిందిరా, జల్ది రా" అన్నప్పుడు నేను బోధన్ రోడ్డు మీది వెల్డింగ్ షాపులో గేటు అతుకుతున్నాను. ముందు నాకు గుర్తొచ్చింది గుట్టబాట. ఊడ్చడం సగమే అయింది. ఏడుపు తర్వాత వచ్చింది.

డిచ్‌పల్లి అవతల మా ఊరి గుట్ట మీద పాత కోట ఉంది. అక్కడిదాకా గుట్టను చుట్టుకుంటూ పోయే రాజుల నాటి రాళ్లబాట. బాటకు కింద తునికి చెట్లు, పైన రిజర్వు అడవి. తునికాకు బీడీలకు పోతుంది. ఎండాకాలం ముందు నిప్పు పెడితే లేతాకు వస్తుందని మావాళ్ల తెలివి. బాట మీద ఎండాకు ఉంటే ఆ నిప్పు పైకి దాటుతుంది. అందుకే శివరాత్రి వెళ్లగానే పెద్దమ్మ మెట్టు మెట్టూ ఊడ్చేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు.

మొదటిసారి దోస్తులతో ట్రెక్కింగ్ అని వెళ్లినప్పుడు నన్ను ఎగాదిగా చూసింది. "గుట్టెక్కనీకి బూట్లు కొన్నవా? మీ బాపు ఉత్త కాళ్లతోని ఎక్కుతుండె."

"అడవిని ఊడ్సుడేంది అవ్వా, మీ వాకిలా?" అన్నాడు ఒక దోస్తు.

"వాకిలైతే కోడలు ఊడుస్తది. దీనికి కోడలు లేదు బిడ్డా. నువ్వొస్తవా?"

వాడు పారేసిన చిప్స్ ప్యాకెట్ ఏరి వాడి జేబులోనే పెట్టింది.

ఒకరోజు బీడీలు చుడుతూ తలెత్తకుండా చెప్పింది. "పెండ్లయిన కొత్తల నేనే గుట్టకు నిప్పు అంటువెట్టిన. ఆకు మస్తు దొరికింది. మల్ల రెండేండ్లు గుట్ట మీద నెమలి కూయలే. ఆకు గావాల్నంటే కొమ్మ నరుకు. నిప్పుకు ఏడ ఆగాల్నో తెల్వది."

దహనం అయ్యాక, ఫోన్లో గుట్ట ఫోటోలు పెట్టి అడవి మీద ఉపన్యాసాలు దంచే దోస్తులను అడిగాను, రేపు ఊడ్చడానికి ఎవరొస్తారని. ఒకడికి డ్యూటీ, ఒకడికి మోకాళ్లు. అన్నకైతే కోపమొచ్చింది.

"మైలల గుట్టెక్కుతవారా?"

"నిప్పుకు మైల లేదన్నా."

ఆమెతో బీడీలు చుట్టిన ముగ్గురు ఆడవాళ్లు కూలి పోగొట్టుకుని వచ్చారు. నాలుగు రోజులు ఊడ్చాం. నా వీపు పట్టేసింది. ఆమె డెబ్బై ఏళ్ల వయసులో ఇదంతా ఒక్కతే చేసిందని అప్పుడు తెలిసింది. కోట దర్వాజా కింది ఇరవై మెట్లు మిగిలిపోయాయి, తర్వాత చూద్దామని దిగిపోయాం.

మర్నాడు మధ్యాహ్నం కింద ఎవరో అంటించారు. మంట బాట దాకా వచ్చి ఆగింది. ఆ ఇరవై మెట్ల దగ్గర మాత్రం దాటింది. పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేలోపు ఒక మడి అంత అడవి పోయింది. ఆ తప్పు మాది.

నిన్న మళ్లీ ఎక్కాను. కాలిన వైపంతా తునికి ఎర్రటి చిగురు పెట్టింది, చూడటానికి బాగుంది. పైన మాత్రం, బాట ఊడ్చినంత మేర, నిప్పు తాకని పోయినేటి గడ్డి అట్లాగే ఉంది. తెల్లగా ఎండిపోయి, నడుమెత్తున, గాలికి అటూ ఇటూ ఊగుతూ.